పెళ్లికి పద్నాలుగు వారాలుంది: మేకప్ వేసుకున్నా నేను నాలాగే కనిపించాలంటే ఏం చేయాలి?

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. పెళ్లికి ఇంకా పద్నాలుగు వారాలుంది. మీది చామనచాయ. ఇంటర్మీడియట్ రోజుల నుంచి పదిహేను రోజులకోసారి త్రెడింగ్ చేయించుకోవడంతో కనుబొమలు సన్నబడి, చివర్లు దాదాపు కనిపించడం లేదు. స్నేహితురాలు చెప్పిన క్రీము ఎనిమిది నెలలుగా రాత్రిపూట రాసుకుంటున్నారు. మొదట్లో ముఖం తేటపడింది, ఇప్పుడు ఎండలోకి వెళ్తే మండుతోంది. అమ్మగారు నలుగు పెట్టుకోమంటున్నారు. వదినగారు పార్లర్‌లో పెళ్లికూతురి ప్యాకేజీ తీసుకోమంటున్నారు. అత్తవారి వైపు నుంచి ‘కాస్త రంగు తేలితే బాగుంటుంది’ అనే మాట వచ్చింది. ఇన్నిటి మధ్య మీరు అడిగింది ఒక్కటే: ఫొటో చూస్తే అది నేనేనని తెలియాలి, కానీ బాగుండాలి.

విజయవాడలో ఇరవై రెండేళ్లుగా పార్లర్ నడుపుతున్నాను. ‘తెల్లగా కనిపించాలి’ అని అడిగే పెళ్లికూతుళ్లే ఎక్కువ, మీలా అడిగేవాళ్లు తక్కువ. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. ఈ పద్నాలుగు వారాల్లో మీరు కొత్తగా చేయవలసినవి కొన్నే, మానవలసినవి ఎక్కువ. పార్లర్ నడిపే మనిషి ఈ మాట అనడం వింతగా తోచవచ్చు. కానీ పాడైన చర్మం మీద, ఊడిన కనుబొమల మీద పనిచేసి చేసి నాకు తెలిసివచ్చిన సంగతి ఇది.

అన్నిటికంటే ముందు ఆ క్రీము. ట్యూబు వెనక చిన్న అక్షరాల్లో ఏముందో చదవండి. బెటామెథాసోన్, క్లోబెటసోల్, మొమెటాసోన్, ఫ్లుయోసినోలోన్, వీటిలో ఏ పేరు కనిపించినా అది సౌందర్య సాధనం కాదు, స్టెరాయిడ్ మందు. కొన్ని ట్యూబుల్లో స్టెరాయిడ్‌తో పాటు హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్ అనే మందులు కూడా ఉంటాయి. ఆ మూడూ కలిసిన మందును చర్మవైద్యులు మంగు మచ్చలకు కొన్ని వారాలపాటు, తాము చూస్తూ మాత్రమే వాడిస్తారు. మనవాళ్లు దాన్ని స్నోలాగా నెలల తరబడి రాసుకుంటారు. మొదటి నెలలో ముఖం నున్నగా, తేటగా అవుతుంది. ఆ తేటదనం చూసే అందరూ మోసపోతారు. తర్వాత చర్మం పలచబడుతుంది, బుగ్గల మీద సన్నని ఎర్రటి రక్తనాళాలు తేలతాయి, మొటిమలు గుంపుగా లేస్తాయి, నూగు పెరుగుతుంది, ఎండ సోకితే మంట పుడుతుంది. మీరు చెప్పిన మంట ఇదే అయి ఉండవచ్చు. ఇలాంటి స్టెరాయిడ్ పూతమందులు చాలావాటిని 2018లోనే కేంద్ర ప్రభుత్వం డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడని జాబితాలో చేర్చింది. అయినా మందుల దుకాణంలో అడిగితే ఇప్పటికీ చేతిలో పెడుతున్నారు.

అలాగని ఈ రాత్రికే ట్యూబు పారేయకండి. ఎనిమిది నెలలు వాడిన స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపితే ముఖం ఎర్రగా కంది, పొంగి, మొటిమలతో నిండిపోవడం నేను చాలామందిలో చూశాను. ఆ మంట భరించలేక మళ్లీ అదే క్రీము రాస్తారు, మళ్లీ తగ్గుతుంది. ఇక అది వదలదు. ట్యూబు చేతపట్టుకుని ఈ వారమే చర్మవైద్యుల దగ్గరకు వెళ్లండి. ఎలా తగ్గించుకుంటూ రావాలో, బదులుగా ఏం వాడాలో వారు చెబుతారు. మీకు పద్నాలుగు వారాలుండటం నిజంగా అదృష్టం. పెళ్లికి పది రోజుల ముందు ఈ పరిస్థితితో వచ్చిన అమ్మాయికి నేను చేయగలిగింది చాలా తక్కువ.

అసలు ఆ ట్యూబు మీద ఏమీ రాసి లేకపోతే, ఎక్కడ తయారైందో కూడా తెలియకపోతే, అది ఇంకా ప్రమాదం. చర్మాన్ని తెల్లబరుస్తామనే ఇలాంటి క్రీముల్లో కొన్నిటిలో పాదరసం ఉంటుంది. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో కొందరికి మూత్రపిండాల జబ్బు వస్తే, వాళ్లలో చాలామంది తెల్లబడే క్రీములు వాడినవాళ్లేనని వైద్యులు గుర్తించారు. ముఖానికి రాసింది ముఖం దగ్గరే ఆగిపోదు. అలాంటి క్రీము వాడి ఉంటే ఆ సంగతి కూడా డాక్టరుకు దాచకుండా చెప్పండి.

ఇక రంగు సంగతి. ఆ మాట మీ మనసులో ఎక్కడో గుచ్చుకుందని మీ వాక్యాల్లోనే తెలుస్తోంది. ఒకసారి కిటికీ దగ్గర నిలబడి మీ దండచేయి లోపలి వైపు, చంకకు కాస్త కింద, చూసుకోండి. ఎండ ఎప్పుడూ సోకని చోటు అది. అదే పుట్టుకతో వచ్చిన మీ రంగు. ముఖానికీ దానికీ తేడా ఉంటే ఆ తేడా మేరకు ముఖాన్ని వెనక్కి తీసుకురావచ్చు, అదీ నెలల ఓపికతో. అంతకు మించి తెల్లబరుస్తామని చెప్పే ఏ క్రీమునూ, ఏ ఫేషియల్‌నూ, ఏ సెలైన్ ఇంజెక్షన్‌నూ నమ్మవద్దు. చామనచాయ సరిదిద్దవలసిన లోపమన్నట్టు ఎవరు మాట్లాడినా నాకు బాధ కలుగుతుంది. పట్టుచీర పసుపునీ, బంగారాన్నీ ఆ రంగు నిలబెట్టినట్టు మరే రంగూ నిలబెట్టదు. నా చేతులతో అలంకరించి, ఎదురుగా నిలబడి చూసి చెబుతున్న మాట.

ముఖం ఆ అసలు రంగుకు రావాలంటే ముందు కావలసింది సన్‌స్క్రీన్. ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకుండా తీసుకోండి. చూపుడువేలు, మధ్యవేలు, రెండింటి మీదా మొదలు నుంచి కొస దాకా పిండితే ఎంతవుతుందో అంత ముఖానికీ మెడకూ కావాలి. శనగగింజంత రాసుకుని పనిచేయలేదనేవాళ్లే ఎక్కువ. ఎండలో తిరిగేటట్టయితే రెండు మూడు గంటలకోసారి మళ్లీ రాయాలి. తెల్లటి పూతలా కనిపిస్తోందని చాలామంది మానేస్తారు. అలాంటప్పుడు లేత గోధుమరంగు కలిపినది దొరుకుతుంది, అది తీసుకోండి. దానికి ఆ రంగునిచ్చే ఐరన్ ఆక్సైడ్లు మామూలు వెలుతురును కూడా కొంత అడ్డుకుంటాయి కాబట్టి మంగు మచ్చలున్నవాళ్లకు ఇంకా మేలు. మీ ముఖం ఇప్పుడు మండుతోంది కనుక ఏ సన్‌స్క్రీన్ సరిపడుతుందో డాక్టరునే అడగండి.

మెడ నల్లగా ఉందని, బీరపీచుతో రుద్దుతున్నానని ఒక వాక్యం రాశారు. దయచేసి మానండి. రాపిడికి మన చర్మం ఇంకా నల్లబడుతుంది. మెడ వెనక, చంకల్లో మందంగా, మఖమల్ గుడ్డలా నల్లబడితే అది మురికి కాదు. శరీరంలో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి అదొక గుర్తు. బరువు, నెలసరి, చక్కెర, ఇవన్నీ దానితో ముడిపడి ఉండవచ్చు. పార్లర్‌లో మెడకు బ్లీచ్ పెట్టించుకుని వెళ్లిన అమ్మాయికి ఆ తర్వాత పరీక్షలో చక్కెర ఎక్కువని తేలడం నాకు తెలుసు. అప్పటి నుంచి అలాంటి మెడ చూస్తే ముందు రక్తపరీక్ష చేయించుకోమని పంపిస్తున్నాను.

ఇప్పుడు కనుబొమలు. నాకు చాలా ఇష్టమైన పని ఇది, చాలా భయపడే పని కూడా. ముఖంలో మిగతావన్నీ అలాగే ఉంచి కనుబొమ ఒక్కటి మార్చినా మనిషి మారిపోయినట్టు కనిపిస్తుంది.

నేను పని మొదలుపెట్టిన రోజుల్లో దారంలాంటి సన్న కనుబొమల మోజు ఉండేది. కాలేజీ అమ్మాయి ఒకరు ఇంకా సన్నగా, ఇంకా సన్నగా అని అడిగేవారు, నేను లాగేదాన్ని. రెండేళ్లు అలా సాగింది. తర్వాత నిండు కనుబొమల కాలం వచ్చింది, ఆమె వెంట్రుకలు మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. ఇప్పటికీ నా దగ్గరకే వస్తారు. రోజూ పొద్దున్నే పెన్సిల్‌తో గీసుకుని ఆఫీసుకు వెళ్తారు. ఆమె అడిగిందే నేను చేశాను. అయినా వద్దని చెప్పవలసింది నేనే. అందుకే మీకు ఇంత గట్టిగా చెబుతున్నాను: ఈ రోజు నుంచి పది వారాలపాటు ఆ కనుబొమలకు దారం తగలనివ్వకండి.

పది వారాలు ఎందుకంటే, కనుబొమ వెంట్రుక తల వెంట్రుకలాగా ఏళ్ల తరబడి పెరగదు. ఒకటి రెండు నెలలు పెరిగి, ఆగి, కొంతకాలం అలాగే ఉండి రాలిపోతుంది. లాగేసిన వెంట్రుక మళ్లీ నిండుగా కనిపించడానికి రెండు నుంచి నాలుగు నెలలు పడుతుంది. అన్నీ ఒకేసారి రావు. మొదటి నాలుగు వారాలు గడ్డిలా అడ్డదిడ్డంగా మొలుస్తాయి, అద్దంలో చూసుకోబుద్ధి కాదు. చాలామంది సరిగ్గా అప్పుడే పార్లర్‌కు పరుగెడతారు, కథ మళ్లీ మొదటికి వస్తుంది. ఆ నాలుగు వారాలు ఓర్చుకోండి. మరీ ఇబ్బందిగా ఉంటే కనుబొమ కింద, రెప్పపై చర్మం మీద మొలిచిన వెంట్రుకలను చిన్న కత్తెరతో పొట్టిగా కత్తిరించుకోండి, లాగవద్దు. పైపెదవికి చేయించుకుంటే చేయించుకోండి, దానికీ కనుబొమలకూ సంబంధం లేదు. మరో సంగతి, ఆ క్రీము వల్ల పలచబడిన చర్మం మీద వ్యాక్సింగ్ అసలే వద్దు. ట్రెటినోయిన్ కలిసిన మందు వాడుతున్న ముఖానికి వ్యాక్స్ పెడితే వెంట్రుకతో పాటు చర్మం పై పొర కూడా ఊడివస్తుంది.

ఆముదం రాస్తే పెరుగుతాయా అని అడిగారు. రాసుకోండి, తప్పులేదు. ఉన్న వెంట్రుకలు మెరిసి కాస్త నిండుగా కనిపిస్తాయి, పొడిబారవు. లేని వెంట్రుకను అది మొలిపించదు. కొందరు తలకు రాసే మినాక్సిడిల్ తెచ్చి కనుబొమలకు పూస్తున్నారు. డాక్టరు చెప్పకుండా ఆ పని చేయకండి, కంటి పక్కన చోటది.

చివర్లు పోయాయన్నారు కనుక ఇంకొక మాట. త్రెడింగ్ వల్లే పోయి ఉండవచ్చు. కానీ కనుబొమల చివరి మూడోవంతు తనంతట తాను పలచబడటం థైరాయిడ్ సరిగా పనిచేయనివాళ్లలో కూడా కనిపిస్తుంది. దానికి తోడు జుట్టు రాలడం, నీరసం, బరువు పెరగడం ఉంటే ఒకసారి టీఎస్‌హెచ్ పరీక్ష చేయించుకోండి. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు మింగుతుంటే ఆ సంగతి పరీక్షశాలలో చెప్పండి. ఎక్కువ మోతాదు బయోటిన్ రక్తంలో ఉంటే థైరాయిడ్ లెక్కలు తప్పుగా చూపిస్తాయి. పరీక్షకు ఎన్ని రోజుల ముందు ఆపాలో డాక్టరు చెబుతారు.

పదకొండో వారంలో ఆకారం తీయించుకోండి. ఎలా తీయాలో మీకు తెలిసి ఉంటే కుర్చీలో కూర్చుని ఆపగలుగుతారు, అందుకని కాస్త వివరంగా చెబుతాను. ఒక సన్నని పెన్సిల్ తీసుకోండి. ముక్కుపుట పక్కన నిటారుగా పెడితే పైన ఎక్కడ తగులుతుందో అక్కడ కనుబొమ మొదలవ్వాలి. ముక్కుపుట దగ్గర కొస కదలకుండా పట్టుకుని, నేరుగా ముందుకు చూస్తూ నల్లగుడ్డు బయటి అంచు మీదుగా వాల్చండి, అక్కడ వంపు. కంటి బయటి మూల మీదుగా ఇంకా వాలిస్తే చివర ఎక్కడ ఆగాలో తెలుస్తుంది. ఈ మూడు చోట్లా చుక్కలు పెట్టి, పెన్సిల్‌తో ఆకారం గీసి, మీకు అద్దంలో చూపించాకే దారం పట్టాలి. గీసేటప్పుడు మీరు నిటారుగా కూర్చుని ఉండాలి. వెనక్కి వాలితే నుదుటి చర్మం జరుగుతుంది, లేచి చూసుకుంటే ఒకటి పైకి, ఒకటి కిందికి కనిపిస్తాయి. రెండూ అచ్చంగా ఒకేలా రావాలని పట్టుబట్టకండి. ఎవరి ముఖంలోనూ రెండు కళ్లూ ఒక్క ఎత్తులో ఉండవు. సమానం చేయబోయి ఒకటీ, మళ్లీ దాన్ని సరిచేయబోయి రెండోదీ లాగుతూ పోతే చివరికి రెండూ పోతాయి. పై అంచు జోలికి పోవద్దని, కింద ఆకారం దాటినవి మాత్రమే తీయమని చెప్పండి.

దారం కొత్తదా కాదా చూడండి. ఒక కొస పళ్లతో పట్టుకోవడం మన దగ్గర ఇంకా ఉంది. నోట్లోది తీసుకొచ్చి మీ కంటి పక్కన రాయడమే అది. మెడకు చుట్టుకుని చేయమని మొహమాటం లేకుండా అడగండి. పులిపిర్లు, సెగ్గడ్డలు ఒకరి నుంచి ఒకరికి ఇలాగే వ్యాపిస్తాయి. మీరు కూడా ఒక చేత్తో రెప్పను కిందికి, ఇంకో చేత్తో నుదుటిని పైకి గట్టిగా లాగి పట్టుకోవాలి. చర్మం వదులుగా ఉంటే దారం కోస్తుంది. చివరిసారి సరిదిద్దడం పెళ్లికి నాలుగు రోజుల ముందు. ముందురోజు వద్దు, ఆ ఎరుపు మీద ఫౌండేషన్ మండుతుంది. సూదితో రంగు ఎక్కించే మైక్రోబ్లేడింగ్ గురించి వదినగారు అన్నారని రాశారు. చర్మం ఈ స్థితిలో ఉండగా ఆ ఆలోచనే వద్దు. ఏడాది పైగా ముఖం మీద ఉండిపోయే పనిని పెళ్లి తొందరలో చేయించుకోకూడదు.

అమ్మగారి నలుగు మాట తీసివేయవలసింది కాదు. పెళ్లికూతుర్ని చేసే రోజున పీట మీద కూర్చోబెట్టి, ముత్తైదువులు నలుగు పెట్టి, మంగళస్నానం చేయించడంలో ఉన్న ఆప్యాయత ఏ ప్యాకేజీలోనూ దొరకదు. అది జరగాలి. కానీ మీ ముఖం నయమయ్యేదాకా రోజూ నలుగు మాత్రం ఒంటికే ఉంచుకోండి. సున్నిపిండి ఎక్కడిదో, అందులో ఏం కలిపారో అడగండి. చాలా ఇళ్లలో బావంచాలు కలుపుతారు. ఒంటికి మంచిదనే పేరుంది గాని, అందులో సోరాలెన్ అనే పదార్థం ఉంటుంది. అది పూసుకున్నాక ఎండ తగిలితే చర్మం కందిపోయి నల్లబడుతుంది. నిమ్మరసం పిండుకోవడమూ అంతే. మంగళస్నానానికి పెసరపిండి, కాసిని పాలు, కొంచెం కస్తూరి పసుపు చాలు. ముందుగా మోచేతి లోపలి వైపు రాసి రెండు రోజులు చూసుకోండి. ఆ రోజు ముఖానికి ముందు పలచగా నువ్వుల నూనె రాసుకుని, పైన పసుపు పెట్టించుకోండి. ఉత్త చర్మానికి వంట పసుపు దట్టంగా పట్టిస్తే ఆ మరక మర్నాటి దాకా పోదు. ముందుగా మేకప్ వేసి చూసే ట్రయల్ రోజున సరిగ్గా కుదిరిన ఫౌండేషన్, పెళ్లిరోజు ఆ పసుపు మీద వేరే రంగుగా తేలుతుంది. ఎంతోమంది పెళ్లికూతుళ్ల దగ్గర నేను ఈ చిక్కు పడ్డాను.

ప్యాకేజీ విషయంలో వదినగారితో నెమ్మదిగా మాట్లాడండి. బంగారు ఫేషియల్ అన్నా, వజ్రాల ఫేషియల్ అన్నా, చర్మానికి అందేది మర్దన, తేమ, రెండు రోజుల మెరుపు. అవి తప్పని అనను, ఆ అరగంట విశ్రాంతి చాలామందికి అవసరమే. మీకు మాత్రం డాక్టరు సరేనన్నాకే. బ్లీచ్ అసలు వద్దు. ఏ ఫేషియలైనా పెళ్లికి కనీసం వారం ముందే అయిపోవాలి, అదీ ముందెప్పుడో ఒకసారి చేయించుకుని పడిందని తెలిసినదే.

ఒంటి సంగతి కూడా ముఖంతో పాటే చూడాలి. పెళ్లికని ఇప్పుడు కడుపు మాడ్చుకుంటే, రెండు మూడు నెలలకు జుట్టు గుప్పెళ్లుగా రాలుతుంది. లెక్కవేసుకోండి, సరిగ్గా పెళ్లినాటికి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. కళ్ల కింద పాలిపోయి, పెదవుల్లో జీవం లేకుండా వచ్చే అమ్మాయికి నేను బ్లష్ రాయగలను, రక్తం ఎక్కించలేను. థైరాయిడ్‌తో పాటు హిమోగ్లోబిన్, ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ కూడా చూపించుకోండి. తక్కువుంటే ఐరన్ మాత్రలు పనిచేయడానికీ వారాలు కావాలి. గుడ్లు, పప్పు, తోటకూర, వేరుశనగలు, నువ్వులు, ఇంట్లో ఉన్నవే కడుపునిండా తినండి. వారానికోసారి నువ్వుల నూనెతో ఒళ్లంతా మర్దన చేయించుకుని తలంటు పోసుకోండి. ఆ రాత్రి పట్టే నిద్ర వేరుగా ఉంటుంది. తలనూనె నుదుటి మీదికి జారనివ్వకండి, మొటిమలు వస్తాయి. చుండ్రు ఉంటే దానికి మందు వాడండి, అది కనుబొమల్లోకి దిగి అక్కడా పొట్టు లేపుతుంది.

మేకప్ దగ్గరకు వద్దాం. పెళ్లి ఆల్బంలో పాణిగ్రహణం ఫొటో ఎప్పుడైనా పరిశీలనగా చూశారా? వరుడి చేతిలో వధువు చెయ్యి ఒక రంగు, ఆమె ముఖం దానికంటే రెండు ఛాయలు తెలుపు. ఆ ఒక్క ఫొటోలో పని తెలిసినవాళ్లెవరో తెలిసిపోతుంది. ఫౌండేషన్‌ను చేతి మీద కాదు, దవడ అంచున రాసి, గుమ్మం బయటికి వచ్చి పగటి వెలుతురులో చూడాలి. ఎక్కడ రాశారో కనిపించకుండా కలిసిపోయినదే మీది. ఇరవై నిమిషాలు ఆగి మళ్లీ చూడండి, కొన్ని గాలి తగిలాక ముదురుతాయి. మన చామనచాయల్లో ఎక్కువగా పసుపు, బంగారు జీర ఉంటుంది. దాని మీద గులాబీ జీర ఉన్న తెల్లటి ఫౌండేషన్ వేస్తే బూడిద పూసినట్టుంటుంది. కళ్ల కింది నలుపు మీద నేరుగా, మచ్చలు కప్పే కన్సీలర్ తెల్లటిది వేసినా అదే బూడిద రంగు. ముందు నారింజ రంగు కరెక్టర్‌ను వేలికొసతో పలచగా అద్ది, పైన మీ రంగు కన్సీలర్ వేయాలి. మచ్చ ఉన్నచోట మందంగా, మిగతాచోట్ల చర్మం కనిపించేంత పలచగా వేస్తే ముఖం ముఖంలా ఉంటుంది. హెచ్‌డీ, ఎయిర్‌బ్రష్ అనే పేర్లకు ధర పెరుగుతుందే గాని చేయి మంచిదైతే మామూలు స్పాంజితోనూ అంతే బాగా వస్తుంది.

ట్రయల్‌కు వెళ్లేటప్పుడు పెళ్లిచీర రంగు గుడ్డ ఒకటి వెంట తీసుకెళ్లి భుజాల మీద కప్పుకోండి. పసుపు పట్టు మీద పడిన లైటు గడ్డం కిందికి పసుపుగా కొడుతుంది. తర్వాత మధుపర్కాల తెల్లచీరలోకి మారగానే అదే ముఖం ఇంకోలా కనిపిస్తుంది. రెండు గుడ్డలతోనూ, ఫ్లాష్ వేసి ఒకటి, వేయకుండా ఒకటి ఫొటోలు తీయించుకోండి. కొన్ని పౌడర్లు కంటికి బాగానే ఉండి, ఫ్లాష్‌లో కళ్ల కింద తెల్లటి మచ్చలుగా పడతాయి. మేకప్ వెంటనే కడిగేయకుండా మూడు గంటలు ఉంచుకుని, ఒక పని చేసుకుని, మళ్లీ అద్దం చూడండి.

మన పెళ్లి మేకప్‌కు పరీక్షలు కూడా మనవే. బాసికం నుదుటి మీద సరిగ్గా కనుబొమల పైనే కూర్చుంటుంది, కదిలినప్పుడల్లా కనుబొమ పై అంచును చెరుపుతుంది. మీకు చివర్లు గీయాలి కనుక ముదురు గోధుమరంగు పెన్సిల్‌తో ఒక్కొక్క వెంట్రుకలా చిన్న గీతలు గీసి, అదే రంగు పొడి అద్ది, పైన జెల్ పెట్టించుకోండి. కారునలుపు వద్దు, ముఖం కోపంగా కనిపిస్తుంది. బాసికం ఒక వేలెడు పైకి కట్టమని ముందే చెప్పి ఉంచండి. నడినెత్తిన పెట్టిన జీలకర్ర బెల్లం చెమటకు కరిగి నుదుటికి జారుతుంది. తలంబ్రాల బియ్యానికి పట్టించిన పసుపు తడి బుగ్గకు అంటుకుంటుంది. రుద్దితే కింది మేకప్‌తో సహా పోతుంది, మెత్తని కాగితంతో అద్దాలి. ఆ కాగితాలు తోడి పెళ్లికూతురి చేతిలో ఉండాలి, ఎలా అద్దాలో ముందురోజే ఆమెకు నేర్పండి. హోమం పొగకు కళ్లు నీళ్లు పెట్టుకుంటాయి, అప్పగింతలప్పుడు ఎలాగూ ఆగవు. కాటుక, మస్కారా నీటికి చెదరనివే వాడాలి. కళ్లలో రంగు లెన్సులు ఆ రోజు మొదటిసారిగా పెట్టుకోకండి.

బొట్టు గురించి కూడా చెప్పాలి. స్టిక్కర్ల జిగురులోని ఒక రసాయనం కొందరికి నుదుట తెల్ల మచ్చ తెస్తుంది. మీ చర్మం ఇప్పటికే దెబ్బతిని ఉంది కాబట్టి కల్యాణ తిలకం గీయించుకోవడమే మంచిది. గోరింటాకు రెండు రోజుల ముందు పెట్టించుకోండి. పెట్టిన గంటకే నల్లగా పండే కోన్ మాత్రం వద్దు. ఆ నలుపు తలకు వేసే రంగులో ఉండే పీపీడీ అనే రసాయనానిది, చేతులు బొబ్బలెక్కి మంటపంలో కూర్చున్న అమ్మాయిని చూశాను.

మేకప్ వేసేవారి దగ్గరకు వెళ్లినప్పుడు సినిమా తారల ఫొటోలు చూపించకండి. మీరు బాగున్నానని మీకు అనిపించిన మీ ఫొటోలే మూడు నాలుగు పట్టుకెళ్లండి. మేకప్ లేనిది ఒకటి తప్పకుండా ఉండాలి. మీ పాత ఫొటోల్లో కనుబొమలు నిండుగా ఉన్నది, పదో తరగతి నాటిదైనా సరే, దొరికితే నాకూ చెప్పండి. ఆకారం గీసేటప్పుడు అన్నిటికంటే పనికొచ్చేది అదే. ఇంతకీ ఆ ట్యూబు మీద ఏం రాసి ఉందో చూసి, డాక్టరు ఏమన్నారో తెలియజేయండి. దాన్నిబట్టి మిగతా వారాల్లో ఏది ఎప్పుడు పెట్టుకోవాలో చెబుతాను.